గడప మీద ఎత్తిన వేలు

మూడో రోజు కూడా అత్తగారి నోట పాట రాలేదు.

మాటలు రాలేదని కాదు. "పాలు పొంగుతున్నాయి, ఎవరికీ ముక్కులు లేవా?" అంది. "ఆ తలుపు నెమ్మదిగా వెయ్యలేరా?" అని కసిరింది. మాటలన్నీ మామూలుగానే వచ్చాయి. బట్టలు మడతపెడుతున్నా, పెరట్లో చెత్త ఊడుస్తున్నా కూనిరాగం లేనిదే చెయ్యి కదపని మనిషి, మూడు రోజులుగా మూగపనులు చేస్తోంది. ఇల్లు ఇల్లులా లేదు. కుళాయి చుక్కచుక్కగా కారుతుందన్న సంగతి అందరికీ ఈ మూడు రోజుల్లోనే తెలిసింది.

"నీ ఏడో స్వరాలూ, తొమ్మిదో స్వరాలూ తగలెయ్య!" అన్నాడు చిన్నకొడుకు, పెళ్ళాం మొహం చూడకుండా. కరెంటు పనికి బయల్దేరుతూ సంచిలో స్క్రూడ్రైవర్లు సర్దుకుంటున్నాడు. "హాయిగా పాడుకునే మనిషి చెవి పాడుచేశావు."

"నేనేం చేశాను?" అంది చిన్నకోడలు. "ఆ పూట నేను ఇంట్లోనే లేను. నా పాఠాల్లో నేనున్నాను. గిటారు వాయించింది అక్క."

"వదిన పన్నెండేళ్ళనుంచీ వాయిస్తోంది. ఒక్కనాడైనా అమ్మ గొంతు జారిందా?"

బస్సు డ్రైవరు పెద్దకొడుకు బూట్ల లేసులు కట్టుకుంటూ అందుకున్నాడు. "మా ఆవిడకి గిటారు మీద వచ్చినవి నాలుగంటే నాలుగు కార్డ్‌లు. నిద్రలేపి వాయించమన్నా ఆ నాలుగే వాయిస్తుంది. కొత్తదేదీ రాని మనిషి కొత్త తప్పెలా చేస్తుందిరా?"

పొయ్యి దగ్గర నిలబడ్డ పెద్దకోడలు వెనక్కి తిరగలేదు.

మొగుడు తన పక్షాన మాట్లాడటం అరుదు. తీరా మాట్లాడిన రోజున, ఆ మాట గొడుగు పట్టినట్టే పట్టి, దాని కొనతో నెత్తిమీద పొడిచింది. కొత్తదేదీ రాని మనిషి! ఆ మాట అబద్ధమని చెప్పాలంటే ఆమె ఒక్క నిజం చెప్పాలి. ఆ నిజాన్ని మూడు రోజులుగా దాచుకుంటోంది.

"ఎవరూ ఎవర్నీ అనకండి." అత్తగారు తుడుచుకున్న చేతులతో గుమ్మంలో నిలబడింది. "తప్పు నా చెవిది. మా అమ్మకీ ఇలాగే మొదలైంది. మొదట శ్రుతి జారింది. ఏడాది తిరిగేసరికి పక్కగదిలోంచి పిలిస్తే పలికేది కాదు."

"నిన్న డాక్టరు నీ చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు కదమ్మా!" అన్నాడు చిన్నకొడుకు.

"ఆయన టింగుమని గంట మోగించి, వినపడిందా అన్నాడు. వినపడిందన్నాను. గంట వినపడితే శ్రుతి తెలిసినట్టా? ఆయన మిషనుకేం తెలుసు పాట సంగతి!" ఆవిడ కొడుకులిద్దరి వైపూ చూసింది. "ఫోనులో చెబితే గొడుగాయన వినలేదు, ఇవాళ నాలుగింటికి వస్తానన్నాడు. శనివారం నుంచి వేరే మనిషిని చూసుకోమని చెప్పేస్తాను. ఇంక ఈ మాట మళ్ళీ ఎత్తకండి."

గొడుగాయనంటే టీ హాలు యజమాని. ఎండైనా వానైనా నీడైనా చంకలో గొడుగు లేకుండా వీధిలోకి రాడు. శనివారం సాయంత్రాలు ఆ హాల్లో అత్తగారు పాడటం ముప్పై ఏళ్ళుగా సాగుతోంది. మొదట మామగారు, బతికున్న రోజుల్లో, గిటారు వాయించేవాడు. ఆయన వేళ్ళు బిగుసుకుపోయాక పెద్దకోడలి ఒళ్ళో పెట్టాడు ఆ గిటారుని.

కుళాయి టప్పుమంది.

చిన్నకోడలు లేచి వెళ్ళి, ఫ్రిజ్జు తలుపుకి తను అంటించిన కాగితాన్ని గోటితో గీకి ఊడదీసింది. నాలుగుగా మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. ఫ్రిజ్జు మీద జిగురు మరకలు నాలుగు మిగిలాయి.

*

అన్నిటికీ మూలం ఆ కాగితమే.

మామగారు నేర్పిన రోజుల్లో కార్డ్‌లకి అంటే స్వరాలు కలిపి ఒకేసారి మోగించే వేళ్ళ పట్టులకి, అక్షరాలు లేవు, అంకెలు లేవు. ఆయన లిఫ్టులు బాగుచేసే మేస్త్రీ, సంగీతం చదువుకోలేదు. ఇంట్లో చోట్ల పేర్లు పెట్టుకున్నాడు. పాట మొదలయ్యే కార్డ్ గడప. అక్కణ్ణుంచి కాస్త విశాలంగా అనిపించేది పెరడు. ఎక్కి నిలబడితే దిగాలనిపించేది మేడమెట్లు. దిగులుగా ఉండేది కిటికీ. "ఎక్కడ తిరిగినా ఫరవాలేదు పెద్దమ్మాయ్, పొద్దుపోయేసరికి గడప దగ్గరికి వచ్చెయ్యాలి" అనేవాడు. పన్నెండేళ్ళు ఆమె అలాగే పాటని బయటికి తీసుకెళ్ళి, క్షేమంగా ఇంటికి తీసుకొచ్చింది.

రెండు నెలల కిందట చిన్నకోడలు కాపురానికొచ్చింది. వాయిద్యాల దుకాణం పై అంతస్తులో పిల్లలకి గిటారు పాఠాలు చెబుతుంది. వచ్చిన వారానికే అత్తగారు పాడుతుంటే, ఒక్కసారి ఇమ్మని గిటారు అడిగి తీసుకుంది. అవే నాలుగు కార్డ్‌లు. కానీ రెండో పంక్తిలో గడప మీద చూపుడు వేలు చటుక్కున ఎత్తింది. అంతే. తెలిసిన గదిలో తెలియని దీపం వెలిగినట్టయింది.

"అబ్బ! ఇన్నేళ్ళకి నా పాటకి రంగు తగిలిందే!" అంది అత్తగారు.

ఇన్నేళ్ళకి! ఆ ఏళ్ళలో పన్నెండు పెద్దకోడలివి.

ఆమె పని కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీయడం. వెంట్రుకవాసి తేడా వేలికొసకి తెలుస్తుంది. ఆ రోజు అత్తగారి కళ్ళలో కనిపించిన తేడా అంతకంటే పెద్దది.

ఆ మర్నాడే చిన్నకోడలు కాగితం అంటించింది. ఏ కార్డ్‌లో ఏయే స్వరాలుంటాయి, ఏది కలిపితే నిండుతనం వస్తుంది, ఏ వేలు తీస్తే ఏది మోగుతుంది, అన్నీ రంగు పెన్సిళ్ళతో గీసింది. "ఎవరికైనా పనికొస్తుందని" అంది. ఎవరికైనా అంటే ఎవరికి? ఇంట్లో గిటారు పట్టేది ఇంకెవరు?

పెద్దకోడలు ఆ కాగితం వంక చూసేది కాదు. అందరి ముందూ చూసేది కాదు. పాలు తీసేటప్పుడు ఒక గీత, నీళ్ళసీసా పెట్టేటప్పుడు ఒక గీత కళ్ళతో ఏరుకునేది. దుకాణానికెళ్ళి ఆర్డరు చీటీల వెనక గీసుకునేది. వెడల్పాటి చెక్కస్కేలు మీద పెన్సిలుతో ఆరు తీగలు గీసి, మధ్యాహ్నం విరామంలో దాని మీద వేళ్ళు ఎత్తడం, దించడం సాధన చేసింది. చెక్కకి నోరుండదు కదా. ఆరు వారాల్లో వేలు బ్రహ్మాండంగా తిరిగింది. ఏం మోగుతుందో మాత్రం ఒక్కసారీ వినలేదు.

సోమవారం సాయంత్రం ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు అత్తగారు పాట ఎత్తుకుంది. ఇదే సమయం అనుకుంది పెద్దకోడలు. ఇన్నేళ్ళకి తగిలిన ఆ రంగేదో తనూ చూపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన చోట చూపిస్తుంది. ఆఖరి పంక్తి, ఆఖరి మాట, గడప. అత్తగారు కళ్ళు మూసుకుని నిలబడింది. ఆమె వేలెత్తింది.

అత్తగారి గొంతు, మెట్టు ఉందనుకుని గాలిలో అడుగేసిన మనిషిలా తూలింది.

కళ్ళు తెరిచి ఆవిడ గిటారు వైపు చూడలేదు. తన చెవి పట్టుకుంది.

*

ఆ రోజు గురువారం, ఇద్దరు కోడళ్ళకీ ఒంటిపూట పనే. మధ్యాహ్నం పెద్దకోడలు పెరట్లో తడి దుప్పటి తీగ మీద వేస్తోంది. దుప్పటికి అవతల, వంటగది మెట్టు మీద చిన్నకోడలి గొంతు వినిపించింది.

"అత్తయ్యా, ఆ రోజు ఏ చోట జారిందో గుర్తుందా?"

"గుర్తులేకపోవడమేమిటి? ఆఖరి మాట మీద. గడప దగ్గరికొచ్చి హాయిగా నిలబడ్డాను. నిలబడీ నిలబడగానే కాళ్ళకింద నేల అర అంగుళం దిగిపోయినట్టయింది. నేనే ఎక్కువ ఎక్కానేమోనని గొంతు దించాను. దించితే ఇంకా చండాలం." చెవి రుద్దుకుని, "ముసలి చెవి" అంది.

చిన్నకోడలు మెట్టు మీంచి లేచింది. ఆ చప్పుడు దుప్పటిలోంచి ఇవతలికి వచ్చి పెద్దకోడలికి తగిలింది.

ఇంకాసేపటికి మనిషే వచ్చింది. బుట్టలోంచి క్లిప్పు తీసి దుప్పటి రెండో కొసకి పెట్టింది.

"అక్కా, సోమవారం గడప దగ్గర చూపుడు వేలు ఎత్తావా?"

"నాకేం తెలుసమ్మా ఆ విద్యలు? నేను నాలుగు కార్డ్‌ల మనిషిని. పొద్దున మీ బావగారు చాటింపు వేశారుగా, వినలేదూ?"

"ఎత్తావా, లేదా?"

"లాయరువా, పోలీసువా?"

"అక్కా!"

పెద్దకోడలు తడి చేతులు చీరకి తుడుచుకుంది. తుడిచినా తడి పోలేదు. అనకూడదనుకున్న మాట దానంతటదే దూకింది.

"నువ్వెత్తితే రంగు, నేనెత్తితే తప్పూనా?"

దుప్పటి కొసనుంచి నీళ్ళు ఇద్దరి మధ్యా కారుతున్నాయి. చిన్నకోడలు కోప్పడలేదు. అదే ఇంకా ఒళ్ళు మండించింది.

"నేనెత్తింది రెండో పంక్తిలో. అక్కడ అత్తయ్య పాట 'ప' మీద ఉంటుంది. కింద 'ని' మోగితే రెంటికీ మధ్య చోటుంది, అందుకే అందం. ఆఖరి పంక్తిలో ఆవిడ 'స' మీద నిలబడుతుంది. గడప మీద నీ చూపుడు వేలి కింద మోగేది అదే 'స'. నువ్వు వేలెత్తి ఆవిడ నిలబడ్డ పీట లాగేశావు. పైగా దానికి ఆనుకునే ఉన్న 'ని'ని తెచ్చి అక్కడ కూర్చోబెట్టావు. ఒకే కుర్చీలో ఇద్దరు. ఎవరైనా తూలతారు."

"మరి కాగితం మీద రాశావుగా, గడపకి 'ని' కలిపితే నిండుతనమని!"

"ఏది కలపాలో రాశాను. ఎప్పుడు కలపకూడదో రాయలేదు. పాట ఎక్కడ నిలబడిందో చూసుకుని నగ పెట్టాలి."

"ఆ ముక్క రాయకుండా మింగేశావేం?"

"దొంగచాటుగా చదివేవాళ్ళున్నారని నాకేం తెలుసు?" అంది చిన్నకోడలు. అని, పెదవి కొరుక్కుంది. "నన్ను అడగొచ్చుగా అక్కా."

"అడిగితే నేర్పుతావు. నేర్పితే నేను నీ దగ్గర పాఠానికొచ్చే పిల్లల వరసలో, పళ్ళూడిన వాళ్ళ పక్కన కూర్చోవాలి. ఆ గిటారు నాకు మామయ్య ఇచ్చాడు. నీకు తెలిసింది చదువు. నాకున్నది అదొక్కటే."

చిన్నకోడలు నవ్వింది. సంతోషం నవ్వు కాదది.

"అత్తయ్య ఊపిరి తీసుకునే చోట నువ్వు చెయ్యి ఆపుతావు, తెలుసా? ఆవిడ తీసుకున్నాక కాదు, తీసుకోబోయే ముందే. రెండు నెలలుగా తాళం లెక్కపెడుతున్నాను. నాకు దొరకలేదు. నేను వాయిస్తే ఆవిడ 'బాగుంది' అంటుంది. నువ్వు వాయిస్తే ఏమీ అనదు, కళ్ళు మూసుకుంటుంది. నా ముందు ఒక్కరోజు కళ్ళు మూసుకోలేదు. నాకు ఒళ్ళు మండదనుకున్నావా?"

పెద్దకోడలు ఈ మాట ఎన్నడూ ఊహించలేదు. విన్నందుకు సిగ్గుపడాలి. ముందు కడుపు చల్లబడింది, సిగ్గు తరవాత వచ్చింది.

"నాలుగింటిలోపు నువ్వే చెప్పు" అంది చిన్నకోడలు, ఖాళీ బుట్ట చంకనెత్తుకుంటూ. "నేను చెబితే, నామీద పడ్డది నీమీదకి తోసినట్టుంటుంది."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఏముంది? నేను మాటలు పడతాను, అలవాటవుతోంది. నీ నాలుగు కార్డ్‌లు నీకుంటాయి. వాయించడానికి పాట ఉండదు."

*

మూడున్నరకి ఒకసారి పెద్దకోడలు అత్తగారి గది గుమ్మం దాకా వెళ్ళింది. ఆవిడ మంచం మీద కూర్చుని, గడియారాన్ని ఎడమ చెవి దగ్గరా కుడి చెవి దగ్గరా మార్చి మార్చి పెట్టుకుంటోంది.

"ఏం పెద్దమ్మాయ్?"

"ఏం లేదత్తయ్యా. టీ పెట్టనా?"

"ఇప్పుడేగా తాగాం."

"అవును కదూ" అంది ఆమె, వెనక్కి వచ్చేసింది.

నాలుగు కొట్టకముందే గొడుగాయన వచ్చాడు. గొడుగు కుర్చీకి తగిలించి, తనూ దాని పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. బస్సు దిగిన పెద్దకొడుకు, సంచి దించిన చిన్నకొడుకు గోడలకి ఆనుకుని నిలబడ్డారు.

"ఫోనులో మీరన్న మాట నేను వినలేదనుకుంటాను" అన్నాడు గొడుగాయన. "మా హాల్లో కప్పులు పగిలాయి, బల్లలు మారాయి, నా జుట్టు పోయింది. పోనిది మీ పాటొక్కటే. చెవి సంగతి నాకు తెలీదు. నావి పోయి పదేళ్ళయింది, వ్యాపారం ఆగిందా?"

ఎవరూ నవ్వలేదు. ఆయనే కాస్త నవ్వి, దగ్గాడు.

"ఒక్కసారి పాడి చూస్తాను" అంది అత్తగారు. "మీ ముందే. ఆఖరి మాట మీద నిలబడితే శనివారం వస్తాను. జారితే మళ్ళీ అడగద్దు."

"ఎవరు వాయిస్తారు?" అన్నాడు చిన్నకొడుకు. పెళ్ళాం వైపు అనుమానంగా చూశాడు.

"పెద్దమ్మాయి. అదే చెయ్యి, అదే పాట." అత్తగారు పెద్దకోడలి వైపు తిరిగింది. "సోమవారం ఎలా వాయించావో అచ్చంగా అలాగే వాయించు. అప్పుడే తెలుస్తుంది నాకు."

పెద్దకోడలు గిటారు ఒళ్ళోకి తీసుకుంది. పన్నెండేళ్ళ అలవాటు. చెక్క పొట్టకి చల్లగా తగిలింది.

దారి ఎంత సులువో అప్పుడు కనిపించింది. వేలు ఎత్తకుండా ఉంటే చాలు. గడప గడపగా ఉంటుంది, అత్తగారు నిలబడుతుంది, గొడుగాయన గొడుగు తీసుకుని సంతోషంగా పోతాడు. ఎవరికీ ఏమీ తెలియదు. అడిగినదానికి చేత్తో అబద్ధం చెప్పినట్టవుతుంది, అంతే. సోమవారం మాత్రం అత్తగారి చెవిదిగానే మిగిలిపోతుంది. ఇకమీద ప్రతి ఆఖరి మాట ముందూ ఆవిడ భయపడుతుంది. రోజూ గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుంటుంది.

చిన్నకోడలు కిటికీ దగ్గర నిలబడి వీధి వైపు తిరిగింది. చేతులు చూడనని చెప్పినట్టు.

పాట మొదలైంది. అత్తగారి గొంతు మొదట భయపడింది, తరవాత మరిచిపోయింది. గడప. పెరడు. ఊపిరి దగ్గర పెద్దకోడలి చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది. కిటికీ. మేడమెట్లు. గొడుగాయన కళ్ళు మూసుకున్నాడు.

ఆఖరి పంక్తి. ఆఖరి మాట. అత్తగారు వచ్చి నిలబడింది.

పెద్దకోడలు వేలెత్తింది.

గొంతు తూలింది. గది మొత్తం తూలినట్టయింది. "అయ్యో" అన్నాడు గొడుగాయన. అత్తగారి చెయ్యి చెవి వైపు లేచింది. సగందాకా లేచి ఆగింది.

కళ్ళు తెరిచి, ఈసారి ఆవిడ చెవి ముట్టుకోలేదు. పెద్దకోడలి ఎడమచేతి వైపు చూసింది. చూపుడు వేలు ఇంకా గాలిలోనే ఉంది.

"ఆ వేలు దించు" అంది.

దించింది.

"వాయించు."

వాయించింది. అత్తగారు అదే మాట మీద, అదే చోట, రాయిలా నిలబడింది. ఊపిరి అయిపోయేదాకా నిలబడింది.

"అయితే నా చెవి బాగానే ఉందన్నమాట" అంది, ఎవరితోనూ కాదన్నట్టు. కళ్ళు తుడుచుకుంది. ఆ తరవాత గొంతు మారింది. "మూడు రోజులు. మూడు రోజులు మా అమ్మ మొహమే కళ్ళముందు కనిపించింది నాకు. ఆ వేలు ఎవరు నేర్పారు నీకు?"

పెద్దకోడలు నోరు తెరిచేలోపే కిటికీ దగ్గర్నుంచి మాట వచ్చింది.

"నేనే నేర్పానత్తయ్యా. సరిగ్గా నేర్పలేదు. తప్పు నాది."

"చూశావా, నేను చెప్పలేదూ!" అన్నాడు చిన్నకొడుకు అన్నతో.

పెద్దకోడలి ఒళ్ళంతా భగ్గుమంది. అది దయ అని తెలుసు. తెలిసే మండింది. రంగు చిన్నదానిదే, చదువు చిన్నదానిదే. చివరికి తను చేసిన తప్పు కూడా చిన్నదాని ఖాతాలోకే పోతోందా? చెక్కస్కేలు మీద ఆరు వారాలు కష్టపడ్డది ఎవరు?

"అబద్ధం" అంది. అంత గట్టిగా ఆ ఇంట్లో ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. "నాకెవరూ నేర్పలేదు. దాని కాగితం చూసి దొంగిలించాను. మీరు దాని పాటని మెచ్చుకున్నారని, నేనూ మెప్పిద్దామని ఎత్తాను. తప్పని సోమవారమే అనుమానం వచ్చింది. చెప్పలేదు. దాన్ని మాటలు పడనిచ్చాను."

బస్సు డ్రైవరు పెళ్ళాం వైపు, దారి తప్పి ఎక్కడో ఆగిన ప్రయాణికుడిలా చూశాడు.

అత్తగారు లేచింది. వచ్చి పెద్దకోడలి ఒళ్ళోంచి గిటారు ఎత్తింది. పన్నెండేళ్ళలో దాన్ని ఆమె ఒళ్ళోంచి ఎవరూ తియ్యలేదు. చిన్నకోడలు తెలియకుండానే ఒక అడుగు ముందుకు వేసి, అక్కడే ఆగిపోయింది.

అత్తగారు గిటారుని ఇద్దరికీ సమానదూరంలో గోడకి ఆనించింది.

"శనివారం వస్తున్నాను" అంది గొడుగాయనతో.

"అమ్మయ్య! అంతకంటే నాకేం కావాలి?" ఆయన గొడుగు అందుకున్నాడు. "ఇంతకీ వాయించేదెవరో చెబితే, కుర్చీ వేయించుకుంటాను."

అత్తగారు పెద్దకోడలి వైపు చూసింది. చిన్నకోడలి వైపు చూసింది.

"కుర్చీ వేయించండి" అంది. "ఎవరు కూర్చుంటారో శనివారం దాకా నేనూ చెప్పలేను."

లోపలికి వెళ్ళి తలుపు మూసుకుంది. తలుపు వెనకనుంచి, మూడు రోజుల తరవాత, కూనిరాగం వినిపించింది. రెండో పంక్తి దగ్గర ఆగి, మళ్ళీ ఎత్తుకుని, అక్కడే ఆగింది.

గోడకి ఆనించిన గిటారు వైపు కోడళ్ళిద్దరూ చూస్తున్నారు. ఎవరూ ముందు చెయ్యి చాపలేదు.